కుటుంబ గాయం – కాల్పనిక రచన: కప్పరాళ్ళతిప్ప నేపథ్యంలో ఒక పరిశీలన

నెల్లూరు జిల్లా బోగోలు మండలంలోని బిట్రగుంట అనగానే ఆవిరి యంత్రాల కాలపు లోకోషెడ్డు, రైల్వే కాలనీ గుర్తుకు వస్తాయి. ఆ ఊరికి సమీపంలోని కప్పరాళ్ళతిప్పకు మరొక చరిత్ర ఉంది. వలసపాలనలో ‘నేరస్థ జాతి’గా ముద్రపడిన ఎరుకల కుటుంబాలను నిర్బంధంగా నివసింపజేసిన సెటిల్మెంట్లలో అది ఒకటి. కుటుంబ గాయం నుండి రచన ద్వారా ఊరట పొందడమనే అంశాన్ని సాహిత్య పరిశోధన సాధారణంగా ఒక రచయిత వ్యక్తిగత దుఃఖానికే పరిమితం చేస్తుంది. కప్పరాళ్ళతిప్ప వంటి చోట ఆ దృష్టి చాలదు. ఇక్కడ గాయపరచినది తండ్రి కోపమో, తల్లి మరణమో కాదు, చట్టం.

1871 నాటి నేరస్థ జాతుల చట్టం 1911లో కొత్తరూపు దాల్చి మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తించింది. వేలిముద్రలు తీసుకోవడం, నిర్ణీత వేళల్లో హాజరు వేయించడం, నివాసం విడిచి వెళ్ళడంపై ఆంక్షలు విధించడం అందులోని సాధారణ నిబంధనలు. 17వ సెక్షను అంతకంటే లోపలికి, ఇంటి గడప దాటి వచ్చింది. ఆరేళ్ళు దాటి పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లలను తల్లిదండ్రుల నుండి వేరుచేసి పారిశ్రామిక, వ్యవసాయ, సంస్కరణ పాఠశాలల్లో ఉంచే అధికారాన్ని ప్రభుత్వానికి కట్టబెట్టింది. మద్రాసులో 1947లోను, దేశమంతటా 1952లోను ఈ చట్టం రద్దయింది. అయితే రద్దు ఉత్తర్వు రిజిస్టర్లను మూయగలదు గాని, తల్లి ఒడికి దూరంగా పెరిగిన పిల్లవాడు తానే తండ్రి అయినప్పుడు ఎలా ఉండాలో నేర్పలేదు.

రచన వల్ల మనసుకు, శరీరానికి మేలు కలుగుతుందనే వాదనకు ప్రయోగాత్మక ఆధారాన్ని 1986లో జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ చూపారు. విద్యార్థుల చేత నాలుగు రోజులపాటు రోజుకు పదిహేను నిమిషాలు తమ బాధాకర అనుభవాన్ని వ్రాయించారు. జరిగిన సంగతిని, దానిపై తమ అనుభూతిని కలిపి వ్రాసినవారు తరువాతి నెలల్లో వైద్యకేంద్రానికి తక్కువసార్లు వెళ్ళారు. వ్రాసిన వెంటనే మాత్రం వారి బాధ తగ్గలేదు, పెరిగింది. ఈ ప్రయోగాన్ని ఉటంకించే వ్యాసాలు ఆ రెండవ సంగతిని తరచూ వదిలివేస్తుంటాయి.

కాల్పనిక రచనకు సంబంధించి అంతకంటే కీలకమైనది 1996లో మెలనీ గ్రీన్‌బర్గ్, కెమిల్ వోర్ట్‌మన్, ఆర్థర్ స్టోన్ చేసిన అధ్యయనం. అందులో ఒక బృందం తాము అనుభవించిన విషాదాన్ని వ్రాసింది. మరొక బృందం తాము అనుభవించని, ఊహించిన విషాదాన్ని వ్రాసింది. మామూలు విషయాలు వ్రాసినవారితో పోల్చినప్పుడు, తరువాతి నెలలో అనారోగ్యంతో వైద్యుణ్ణి కలవడం ఈ రెండు బృందాలలోనూ తగ్గింది. అంటే మేలు చేయడానికి రచన వాంగ్మూలం కానక్కరలేదు. ఎవరి పేరుతోనైనా, ఏ కల్పిత ఇంట్లోనైనా దుఃఖానికి ఒక రూపం దొరికితే చాలునన్నమాట.

ఎరుకల కుటుంబాల విషయంలో ఈ తేడా ప్రాణప్రదమైనది. పోలీసు రిజిస్టరు వారి జీవితాలను ముందే ప్రథమ పురుషలో వ్రాసిపెట్టింది: ఇతడు ఫలానా, ఇతడి వేలిముద్ర ఇది, ఇతడు ఫలానా రాత్రి ఇంట లేడు. అటువంటి సముదాయంలో ‘నేను’ అని మొదలుపెట్టే స్వీయచరిత్ర నేరాంగీకారంగా వినబడే ప్రమాదముంది. ఇంటివారి పరువూ బజారున పడుతుంది. కథ ఆ ప్రథమ పురుషనే తిరిగి చేజిక్కించుకుంటుంది. ‘అతడు ఆ రాత్రి ఇంట లేడు’ అన్న వాక్యం రిజిస్టరులో అభియోగం. కథలో అది, వేరుచేసిన కొడుకును చూడడానికి వెళ్ళిన తండ్రి ప్రయాణానికి మొదటి వాక్యం కాగలదు.

తెలుగులో దీనికి పోలికలు లేకపోలేదు. బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’లో దయానిధిని వెంటాడేది తల్లిపై పడిన అపవాదు. ఆమె కథ పాఠకుడికి సూచనలుగానే అందుతుంది. గాయం మూలం కంటే దాని నీడలో బ్రతకడమే నవలకు వస్తువైంది. బిట్రగుంటకు పొరుగున ఉన్న కావలి నుండి వచ్చిన మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కథలు’లో పేద ముస్లిం ఇంటి ఇబ్బందులు బాలుని కంఠంలో, నవ్వుతో కలిసి వినిపిస్తాయి. ఎరుకల జీవితమే వస్తువుగా పలమనేరు బాలాజీ ‘ఏకలవ్య కాలనీ’ కథలు వెలువడ్డాయి.

అయితే రచనను ఔషధమనడంలో జాగ్రత్త అవసరం. పదమూడేళ్ళ వయసులో తల్లిని పోగొట్టుకున్న వర్జీనియా వుల్ఫ్, 1927 నాటి ‘టు ది లైట్‌హౌస్’ వ్రాసిన తరువాత తల్లి తనను వెంటాడడం మానిందని స్వయంగా చెప్పుకుంది. అదే వుల్ఫ్ 1941లో ఆత్మహత్య చేసుకుంది. ఒక గాయానికి పనిచేసిన నవల మనిషి మొత్తానికి కవచం కాలేదు.

ఎరుకల స్త్రీల సంప్రదాయ వృత్తి అయిన ఎరుక చెప్పడాన్ని, సోదిని ఈ కోణంలో పరిశీలించవలసి ఉంది. సోదిలో ఆ ఇంటి మృతులు చెప్పే స్త్రీ నోట ‘నేను’ అని పలుకుతారు. ఇంటివారు కన్నీటితో జవాబిస్తారు. పరాయి ఇళ్ళ దాచుకున్న దుఃఖానికి పాత్రను, కంఠాన్ని, కథను సమకూర్చే విద్య ఇది. సెటిల్మెంటులో తమ బిడ్డలకు దూరమైన తల్లులలోనూ ఈ విద్య తెలిసినవారు ఉండి ఉంటారు. వారి మనుమరాళ్ళు కథ వ్రాయడానికి కూర్చుంటే, నమూనా కోసం పాశ్చాత్య నవల దాకా వెళ్ళనక్కరలేదు.