కరెంట్ ట్రీట్‌మెంట్ తర్వాత ఆ కాసేపు

ఎంఎంటీఎస్‌లో హైటెక్ సిటీకి పక్క స్టేషనే బోరబండ. అక్కడికి దగ్గర్లోనే ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం. ‘నిన్ను ఎర్రగడ్డలో వెయ్యాల్రా’ అని ఫ్రెండ్స్ మధ్య పేలే జోకులన్నీ దాని మీదే. వాటి వెనకాలే వచ్చేది ‘కరెంట్ షాక్’.

సినిమాల్లో అయితే మెలకువగా ఉన్న మనిషిని మంచానికి కట్టేసి షాకిచ్చేస్తారు. మన దేశంలో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం అది నిషేధం. మత్తు, కండరాలు వదులయ్యే మందు ఇచ్చాకే ఈసీటీ చెయ్యాలి. 1938లో రోమ్‌లో మొదలైన ఈ చికిత్స, మందులకి లొంగని డిప్రెషన్‌లో, తిండీ మాటా మానేసి బిగుసుకుపోయే కెటటోనియాలో ఇప్పటికీ ప్రాణాలు నిలబెడుతోంది.

మరి భయం లేదా? ఉంది, కానీ సినిమావాళ్లు చూపించేది కాదు. మెదడులో ఫిట్స్ వచ్చేది నిమిషం లోపే. అసలు కంగారు మత్తు దిగుతున్నప్పుడు. కొందరు తామెక్కడున్నారో తెలీక లేచి కూర్చుంటారు, సెలైన్ సూది పీకేస్తారు, కన్నతల్లినే ‘నువ్వెవరు?’ అంటారు. దీన్నే డెలీరియం అంటారు. చాలామందిలో కొన్ని నిమిషాల నుంచి గంటలోపు సర్దుకుంటుంది. బయట కూర్చున్న ఇంట్లోవాళ్లకి మాత్రం ‘పిచ్చి ముదిరిపోయింది’ అనిపిస్తుంది. ముందే ఎవరూ చెప్పకపోతే, అక్కడితో ట్రీట్‌మెంట్ మాన్పించి ఇంటికి తీసుకెళ్లిపోతారు. నా లెక్కలో అన్నిటికంటే పెద్ద నష్టం అదే.

ఆ టైమ్‌లో నలుగురూ చుట్టూ చేరి అరవకూడదు. లైట్ తగ్గించి, తెలిసిన గొంతు ఒకటి మెల్లగా ‘హాస్పిటల్లో ఉన్నావ్, నేనిక్కడే ఉన్నా’ అంటుంటే చాలావరకు చాలు. అప్పటికీ ఆగకపోతే డాక్టర్లు మత్తు ఇంజెక్షన్ ఇస్తారు. ఎంతకీ తగ్గకపోతే ఈఈజీ తీసి చూడాలి, పైకి కనబడకుండా లోపల ఫిట్స్ నడుస్తుండొచ్చు.

పెద్ద వయసువాళ్లకి, మతిమరుపు జబ్బో పార్కిన్సన్సో ఉన్నవాళ్లకి, లిథియం వాడేవాళ్లకి ఈ రిస్క్ ఎక్కువ. అందుకే వాడే బిళ్లలన్నీ, ఆయుర్వేదంతో సహా, సంచీలో వేసుకెళ్లి చూపించండి. డెలీరియం ఒకసారి వచ్చిందని చికిత్స ఆపక్కర్లేదు. కరెంట్‌ని రెండు కణతలకీ కాకుండా ఒకవైపే ఇవ్వొచ్చు, డోసు తగ్గించొచ్చు, వారానికి మూడుసార్లు ఇచ్చేది రెండుసార్లకి దించొచ్చు. సంతకం పెట్టే ముందే వీటి గురించి డాక్టర్ని అడగండి. మత్తు దిగేటప్పుడు పక్కన ఉండనిస్తారా అని కూడా.