పాత కేసు ఉంటే ప్రభుత్వ ఉద్యోగం రాదా?



మీ సహాయంతో చదువుకున్న పిల్లల్లో చాలామంది నేడు పోలీసు, సీఆర్‌పీఎఫ్, రైల్వే ఉద్యోగాల పరీక్షలకు తయారవుతున్నారు. రాతపరీక్ష, దేహదారుఢ్య పరీక్ష దాటాక ఇంకొక మెట్టు ఉంది. అదే ప్రవర్తన, పూర్వచరిత్రల విచారణ. ఈ సంగతి దాతలకూ తెలిసి ఉండాలని ఉపాధ్యాయులుగా మేము ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

ఎంపికైన అభ్యర్థి అటెస్టేషన్ ఫారం నింపాలి. ఎప్పుడైనా అరెస్టయ్యారా, కేసు నడిచిందా, జరిమానా గాని శిక్ష గాని పడిందా, ఏదైనా కేసు పెండింగులో ఉందా అని అందులో అడుగుతారు. ఆ జవాబులను పోలీసు రికార్డులతో సరిచూస్తారు.

మన పిల్లలు పొరబడేది ఇక్కడే. వీధి కొట్లాటలో కేసయింది, లోక్ అదాలత్‌లో రాజీ కుదిరింది. ఇక కేసే లేదు కదా అని ‘లేదు’ అని రాసేస్తారు. కాని కేసు ముగిసిపోవడం వేరు, అసలు కేసే లేకపోవడం వేరు. కోర్టులో తప్పు ఒప్పుకుని చిన్న జరిమానా కట్టి వచ్చినా, చట్టం దృష్టిలో అది శిక్ష పడినట్టే.

2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ విషయంలో మార్గదర్శకాలు ఇచ్చింది. అభ్యర్థి నిజమే చెప్పాలి. చిన్న వయసులో నినాదాలు చేయడం వంటి స్వల్ప విషయాన్ని దాచినా, అధికారి తన విచక్షణతో మన్నించవచ్చు. నేరం తీవ్రమైనదైతే నియామకం రద్దు చేయవచ్చు. ఫారంలో స్పష్టంగా అడిగినదే చెప్పాలి, అడగనిది చెప్పలేదని తప్పు పట్టకూడదు. అయితే నిజం చెప్పినంత మాత్రాన ఉద్యోగం ఇచ్చి తీరాలని లేదు. నేర స్వభావాన్ని, ఆ ఉద్యోగ స్వభావాన్ని చూసి అధికారి నిర్ణయిస్తారు. అందువల్ల పాత కేసు ఉన్నవాడికి దారి పూర్తిగా మూసుకుపోలేదు. దాచి దొరికిపోతే మాత్రం, స్వల్ప కేసు కూడా పెద్ద అడ్డంకి కాగలదు.

పద్దెనిమిదేళ్ల లోపు జరిగిన తప్పు సంగతి వేరు. 2015 నాటి బాలల న్యాయ చట్టం 24వ సెక్షన్ ప్రకారం అలాంటి కేసు వల్ల అనర్హత కలగదు. పదహారేళ్లు నిండి, తీవ్ర నేరంలో పెద్దవారితో సమానంగా విచారణ ఎదుర్కొన్నవారికి మాత్రం ఈ రక్షణ లేదు.

కనుక కోచింగ్ ఫీజుకు సహాయం చేసే పెద్దలకు మా మనవి ఒకటే. ఫారం నింపే రోజున కూడా ఆ పిల్లవాడికి తోడుగా ఉండండి. ఎఫ్ఐఆర్, చార్జిషీటు, తీర్పు నకళ్లు ముందుగానే తెప్పించండి. ఒక న్యాయవాదికి చూపించి, కేసు నంబరు, సెక్షన్లు, ఫలితం ఉన్నవి ఉన్నట్టు రాయించండి. వకీలుకు ఇచ్చుకోలేనివారు కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగవచ్చు. ఏళ్ల తరబడి మీరు పెట్టిన ఖర్చు, పిల్లవాడు పడిన కష్టం ఒక్క తప్పుడు జవాబుతో వృథా కాకూడదు.