పొట్టలకెఱె నుండి పటాన్‌చెరు వరకు

నే నొకప్పుడు చేసిన తప్పును చెప్పి యీ ప్రసంగమును మొదలుపెట్టుదును. ముప్పది యేండ్లకు పైగా బడిపంతులుగా నుంటిని. ఒకనాడు తరగతిలో నొక బాలుడు లేచి, “అయ్యా! పటాన్‌చెరువును పఠానులు త్రవ్వించిరా?” అని యడిగెను. “ఔను నాయనా, పేరే చెప్పుచున్నది కదా!” అంటిని. పిల్లవాడు పలకపై వ్రాసికొనెను. కొన్ని యేండ్లకు హైదరాబాదు ప్రదర్శనశాలలో, పటాన్‌చెరులో దొరకిన జైన తీర్థంకరుల శిలావిగ్రహములను చూచితిని. పఠానులు కట్టిన యూరైనచో ఈ తీర్థంకరు లెక్కడివారు? ఆ సందేహమే నాకు గురువైనది. నాడా బాలునకు చెప్పవలసిన యుత్తరమును నేడు మీకు విన్నవించుచున్నాను.

పటాన్‌చెరు హైదరాబాదునకు వాయవ్యమున సుమారు 30 కిలోమీటర్ల దూరమున, ముంబయి పోవు బాటపై నున్నది. 2016 వరకు మెదకు జిల్లాలో నుండి, పిమ్మట సంగారెడ్డి జిల్లాలో చేరినది. నేడు కర్మాగారముల యూరని పేరు. కాని వేయేండ్ల క్రిందట నిది రాజధాని.

పశ్చిమ చాళుక్యులలో జగదేకమల్ల బిరుదాంకితుడైన రెండవ జయసింహుడు 1015 మొదలు 1043 వరకు రాజ్యము చేసెను. దక్షిణమున రాజేంద్రచోళుడు, ఉత్తరమున మాళవ భోజుడు ఆతనికి సమకాలికులు. ఇరువురితోను ఆతనికి పోరు తప్పలేదు. కన్నడమున పంచతంత్రమును రచించిన దుర్గసింహు డాతని కొలువువాడే. ఆ రాజు నెలెవీడు, అనగా రాజు నిలుకడగా విడిసియుండు చోటు, పొట్టలకెఱె యని శాసనములు చెప్పుచున్నవి. ఆ పొట్టలకెఱెయే మన పటాన్‌చెరు అని చరిత్రజ్ఞులు గుర్తించిరి. జయసింహుని కుమారుడు మొదటి సోమేశ్వరుడు రాజధానిని కల్యాణమునకు మార్చెను. అదియే నేటి బసవకల్యాణము.

ఇక పేరు మాట. కన్నడమున ‘కివి’ మనకు చెవి. ‘కెయ్’ మనకు చేయి. అట్లే వారి ‘కెఱె’ మన చెరువు. మాట యొక్కటే, మొదటి యక్షరము మాత్రము మన నాలుకపై మెత్తబడినది. కనుక పొట్టలకెఱెను తెలుగువారు పొట్లచెరువనిరి. కాలక్రమమున ‘పొట్ల’ యను ముందుమాట యర్థము మరుగున పడెను. అర్థము మరచిన మాటను జనులు తమకు తెలిసిన మాటగా దిద్దుకొందురు. అందుచేత నొకరికది పఠానుల చెరువైనది. మరియొకరికి పట్టణపు చెరువైనది. ముందుమాట యిన్ని వేషములు మార్చినను వెనుకమాట మారలేదు. ఏలయన చెరువు కన్నులయెదుట నున్నది. ఎదుట నున్న దానికి తప్పుపేరు పెట్టుట కష్టము.

ఈ యూరు పూర్వము జైనులకు నెలవు. దేవర దాసిమయ్య యను శివభక్తుడు ఇచ్చట జైనులను వాదమున గెలిచెననియు, రాణి సుగ్గలదేవి ప్రేరణచే రాజు శైవము నవలంబించెననియు శైవుల కథలు చెప్పును. అవి భక్తులు చెప్పుకొను కథలే గాని శాసనములు కావు. అయినను ఈ యూర జైనము బలముగా నుండెనను మాటకు నేలలో దొరకిన విగ్రహములే సాక్ష్యము.

రాజులు పోయిరి, మతములు మారినవి. చెరువు క్రింద పంట మాత్రము సాగుచు వచ్చెను. 1972లో ఇచ్చట ఇక్రిశాట్ అను అంతర్జాతీయ పరిశోధనాసంస్థ వెలసి జొన్న, సజ్జ, కంది, సెనగ, వేరుసెనగ పైరులపై కృషి సాగించినది. మెట్టపంటల కింతటి గౌరవము మరెచ్చట దక్కినది? ఆ దశాబ్దముననే కర్మాగారములును వచ్చినవి. వేలకొలది కుటుంబములకు కూడు దొరకెను; అది కాదనరాదు. కాని వాని మురుగు నక్కవాగులో కలిసి, ఆ వాగు మంజీరలో కలిసెను. పొలములు చెడినవి, బావులు చెడినవి. 1990లో నీ సంగతి సుప్రీంకోర్టు నెక్కెను. వ్యర్థజలమును శుద్ధిచేయు సామూహిక కేంద్రము తరువాత నేర్పడినది. అయినను ఆ కేంద్రము నుండి వెలువడు నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ అను మందు లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు నున్నదని స్వీడను దేశపు శాస్త్రజ్ఞులు 2007లో ప్రకటించిరి. ఆ మందు మ్రింగిన రోగి నెత్తుటిలో సైతము అంత యుండదు. అట్టి నీటిలో బ్రదుకు నేర్చిన క్రిములకు మందులు పనిచేయవు. వెయ్యేండ్లు ఊరికి పేరిచ్చిన నీటికి, ఒక్క తరములో నింతటి ముప్పు వాటిల్లినది.

పెద్దలారా! మీ యూళ్లలోను చెరువులు, కుంటలు, కాలువలు గలవు. వాని పేళ్లు మీతోనే యున్నవి. మనుమలచే వ్రాయించి దాచుడు. గట్టుపై నెచ్చటనైన చెక్కిన రాయి యున్నచో దానిని గుంజకో, మెట్టుకో వాడనీయక తెలిసినవారికి చూపుడు. పిల్లవాడు పేరునకు కారణమడిగినచో, తెలియనినాడు “కనుగొందము రమ్ము” అనుడు, నావలె తొందరపడకుడు. చెరువునే పూడ్చి పేరు మాత్రము నిలుపుకొన్నచో, రేపటి బాలుడు “ఈ యూర చెరువేది తాతా?” అని యడుగును. ఆ ప్రశ్నకు ఏ శాసనమును ఉత్తరమీయజాలదు.

నన్నడిగిన యా బాలుడు నేడెచ్చట నున్నాడో నేనెరుగను. ఈ మాటలు వాని చెవిని పడినచో, పలకపై నాడు వ్రాసికొన్నదానిని తుడిచివేయుమని నా మనవి.