కారు లైసెన్సు మోటారు సైకిలుకు చెల్లదు

కారు నడుపుటకు లైసెన్సు పొందిన వారు, అదే కార్డుతో మోటారు సైకిలును కూడా నడపవచ్చునని భావించడం తరచుగా కనిపిస్తుంది. పెద్ద వాహనానికి అనుమతి ఉన్నప్పుడు చిన్న వాహనానికి ఎందుకు ఉండదన్నది వారి తర్కం. వినుటకు సబబుగా తోచినా చట్టం దీనిని అంగీకరించదు.

1988 మోటారు వాహనాల చట్టంలోని 3వ సెక్షను ప్రకారం, నడుపుతున్న తరగతి వాహనానికి వర్తించే లైసెన్సు చోదకునికి ఉండి తీరాలి. గేర్లు లేని మోటారు సైకిలు, గేర్లున్న మోటారు సైకిలు, తేలికపాటి మోటారు వాహనం 10వ సెక్షనులో వేర్వేరు తరగతులు. లైసెన్సు కార్డుపై 'ఎల్.ఎం.వి.' అని మాత్రమే ఉంటే అది కారు తరగతికే పరిమితం. గేర్లున్న ద్విచక్ర వాహనానికి 'ఎం.సి.డబ్ల్యు.జి.' అన్న నమోదు ఉండాలి. గేర్లు లేని స్కూటరు కూడా మోటారు సైకిలు తరగతిలోనిదే కనుక పాల ప్యాకెట్టు కోసం వీధి చివరి వరకు వెళ్ళినా మినహాయింపు లేదు. గంటకు 25 కిలోమీటర్ల లోపు వేగం, 250 వాట్ల లోపు సామర్థ్యంతో నిబంధనల మేరకు ధ్రువీకరణ పొందిన బ్యాటరీ వాహనాలు మాత్రం మోటారు వాహనాల నిర్వచనంలోకి రావు.

తేలికపాటి వాహన లైసెన్సుతో 7,500 కిలోల లోపు రవాణా వాహనాలను నడపవచ్చునని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో తీర్పు చెప్పింది. దీనిని ద్విచక్ర వాహనాలకు అన్వయించుకోరాదు.

2019 సవరణ అనంతరం ఈ ఉల్లంఘనకు 181వ సెక్షను కింద 5,000 రూపాయల జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. అర్హత లేని వారికి బండి ఇచ్చిన యజమానికి కూడా 180వ సెక్షను కింద ఇదే శిక్ష వర్తిస్తుంది. తమ్ముని బండి అన్నగారు తీసుకువెళ్ళినా అంతే.

అయితే అసలు భారం జరిమానా కాదు. భారీ వాహన లైసెన్సు మాత్రమే ఉన్న వ్యక్తి స్కూటరు నడుపుతుండగా జరిగిన ప్రమాదంలో ఒకరు మరణించిన కేసులో, బీమా సంస్థకు బాధ్యత లేదని 2008లో సుప్రీంకోర్టు తేల్చింది. బాధితులు నష్టపోకుండా పరిహారాన్ని ముందుగా సంస్థ చెల్లించి, ఆ మొత్తాన్ని వాహన యజమాని నుండి రాబట్టుకోవచ్చునని ఆదేశించింది. సక్రమంగా ప్రీమియం చెల్లించిన కుటుంబం కూడా ఈ విధంగా లక్షల రూపాయల బాకీలో పడవచ్చు.

ఇందుకు వేరే లైసెన్సు అవసరం లేదు. 11వ సెక్షను కింద ఉన్న లైసెన్సుకే మరొక తరగతిని చేర్పించుకోవచ్చు. ముందుగా ద్విచక్ర వాహనానికి ఎల్.ఎల్.ఆర్. పొంది, 30 రోజుల తరువాత, దాని ఆరు నెలల గడువు ముగియకముందే రవాణా శాఖ ట్రాక్‌పై బండి నడిపి చూపించాలి. ఎల్.ఎల్.ఆర్. కాలంలో బండికి 'ఎల్' గుర్తు తప్పనిసరి. నేర్పే వ్యక్తిని తప్ప మరెవరినీ వెనుక కూర్చోబెట్టుకొనరాదు.