చెరిపివేత లేని సముద్ర లెక్క

చింతలపూడి, నూజివీడు మామిడి తోటల్లో కాయ ముదిరే వేళ బంగాళాఖాతంలో వాయుగుండమంటే చాలు, రైతుకు నిద్ర ఉండదు. ఒక్క ఈదురుగాలికి రసాలు నేలపాలవుతాయి. ఆ వాయుగుండానికి బలమిచ్చేది సముద్రంలోని వేడి. పైపొర వేడిమి ఉపగ్రహానికి తెలుస్తుంది, లోపలిది తెలియదు. దాన్ని కొలిచేది ఆర్గో ఫ్లోట్.

అంతకు చాలా ముందే, 1955లో బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ స్వాలో, కోరిన లోతులో నిలిచి ప్రవాహంతో సాగే అల్యూమినియం గొట్టాలు చేశాడు. తర్వాత అమెరికాలో రస్ డేవిస్, డగ్ వెబ్ వాటికి పైకి లేచే విద్య నేర్పారు. లోపలి నూనెను పంపు బయటి తిత్తిలోకి నెడుతుంది. బరువు మారదు, పరిమాణం పెరుగుతుంది, ఫ్లోట్ తేలుతుంది. ఎంత చక్కటి ఉపాయం! నేటి ఆర్గో ఫ్లోట్ వెయ్యి మీటర్ల లోతున తిరుగుతూ, పది రోజులకోసారి 2000 మీటర్లకు దిగి, పైకి వస్తూ ఉష్ణోగ్రత, ఉప్పదనం, పీడనం కొలిచి ఉపగ్రహానికి అందిస్తుంది.

2007 నాటికి ప్రపంచ సముద్రాల్లో ఇలాంటి ఫ్లోట్లు 3000 అయ్యాయి. ఇప్పటికి ఇరవై లక్షలకు పైగా కొలతల వరుసలు పోగుపడ్డాయి. మన ఫ్లోట్ల లెక్క చూసేది 1999లో హైదరాబాదులో ఏర్పడిన సముద్ర సమాచార సేవల కేంద్రం, ఇన్‌కాయిస్. హిందూ మహాసముద్రానికి ప్రాంతీయ డేటా కేంద్రం కూడా అదే. కంప్యూటరు తొలి పరీక్షలు చేస్తుంది: ఫ్లోట్ ఉన్న చోటు నేలమీద పడిందా, అంకె ఉన్నట్టుండి ఎగిరిందా? సాధారణంగా ఒక రోజులోపే ఆ కొలతల ఫైళ్లు ఫ్రాన్స్‌లోని బ్రెస్ట్, అమెరికాలోని మాంటెరీ డేటా కేంద్రాలకు చేరతాయి.

నాకు అపురూపంగా తోచేది ఆ తర్వాతి పని. నెలలు గడిచాక శాస్త్రవేత్త ఇరుగుపొరుగు ఫ్లోట్లతో, ఓడల కొలతలతో పోల్చి అంకెల్ని దిద్దుతాడు. పాత అంకెను మాత్రం చెరపడు. దాని పక్కనే దిద్దిన విలువ, ఎంత తేడా ఉండొచ్చన్న అంచనా, నమ్మకపు గుర్తు చేరతాయి: మంచిదైతే 1, చెడ్డదైతే 4. ఇన్ని లక్షల వరుసల్ని దాచడానికి డిస్కులు కొంటే సరిపోతుంది. ఒక్కో అంకెకూ దాని చరిత్ర జతచేయడానికి మనుషుల ఓపిక కావాలి.

ఆ ఓపిక ఫలించిన సందర్భం ఉంది. ఒకానొక కాలంలో తయారైన సెన్సార్లు కొన్ని ఉన్న ఉప్పుకంటే ఎక్కువ చూపిస్తున్నాయని తేలింది. ఏ ఫ్లోట్‌లో ఏ సెన్సార్ ఉందో, దాని సీరియల్ నంబరుతో సహా డేటాబేస్‌లో ఉంది కాబట్టి అనుమానించవలసిన వాటిని వెతికి పట్టుకోగలిగారు. సముద్రం నిజంగా ఉప్పెక్కుతోందని పొరబడే ప్రమాదం అలా తగ్గింది.

ఇప్పుడు నెలనెలా మొత్తం భాండాగారానికి ఒక నకలు తీసి, దానికి శాశ్వత గుర్తింపు సంఖ్య ఇస్తున్నారు. పాత పరిశోధనను సరిచూడదలచిన విద్యార్థి, ఆనాటి నకలునే తెరిచి అవే అంకెలతో లెక్క వేసుకోవచ్చు.