ఆటల కంప్యూటరు: ఏ రూపాయి ఎక్కడ పెట్టాలి?

విద్యార్థి సంఘం వారి వార్షిక సంచికలో ఆటల కంప్యూటరు మీద వ్యాసమేమిటని పెద్దలు బొమలు ముడివేయవచ్చు. వారికి ముందుగా ఒక మనవి. ఈనాడు మన హాస్టళ్ళలో ఎందరో మిత్రులు విడిభాగాలు కొని కంప్యూటరును స్వయంగా కూర్చుకుంటున్నారు. ఆ డబ్బు చాలామందికి స్వార్జితం కాదు. నాన్నగారు పాడుకున్న చీటీ డబ్బో, అమ్మ పోపుల పెట్టెలో దాచిన డబ్బో అయివుంటుంది. బజారులో అది సరిగా ఖర్చుకాకపోతే ఆట మాట అటుంచండి, ఇంట్లో మళ్ళీ నోరెత్తి అడిగే మొహం ఉండదు. అందుచేత ఈ విషయం నలుగురూ తెలుసుకోదగినదే అని నా అభిప్రాయం.

మిత్రులు నా దగ్గరకు ఒక జాబితా పట్టుకొస్తారు. మొట్టమొదట ప్రోసెసరు పేరు ఉంటుంది. చిట్టచివర, అదీ గుర్తొస్తే, మానిటరు ఉంటుంది. ఆ జాబితాను తలకిందులు చేయమంటాను నేను. పని ఎంతో తెలియకుండా కూలీలను మాట్లాడుకోవడం కుదరదు కదా! ఇక్కడ పని ఎంతో చెప్పేది తెర.

లెక్క చూడండి. 1080పి తెర మీద అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. గుణిస్తే 20,73,600. 1440పి తెరకు 36,86,400. 4కె తెరకు 82,94,400, అనగా మొదటిదానికి సరిగ్గా నాలుగింతలు. ఈ చుక్కలన్నిటికీ రంగు లెక్కకడితే తయారయ్యేది ఒక్క బొమ్మ. 60 హెర్ట్జ్ తెర సెకనుకు 60 బొమ్మలు చూపుతుంది. అంటే ఒక్కొక్క బొమ్మకు దొరికే వ్యవధి సుమారు 16.7 మిల్లీసెకన్లు. 144 హెర్ట్జ్ తెరకైతే 6.9 మిల్లీసెకన్లే. 60 హెర్ట్జ్ తెర ముందు కూర్చుని సెకనుకు 200 బొమ్మలు గీసే కార్డు కొన్నామనుకోండి, పైనున్న 140 బొమ్మలు చూసేదెవరు? కనుక ముందు తెర ఖాయం చేసుకోవాలి. మిగిలినవన్నీ దాని వెంట వస్తాయి.

తెర తరువాత గ్రాఫిక్స్ కార్డు. ప్రోసెసరును కొద్దిమంది పెద్ద పండితులున్న సభ అనుకుంటే, గ్రాఫిక్స్ చిప్పు వేలమంది గుమాస్తాలున్న కచేరీ. ఒక్కొక్కరి తెలివి కొంచెమే గాని, ఒకే రకం చిన్న లెక్కను అందరూ ఒక్కసారే చేసి పడేస్తారు. లక్షల చుక్కలకు రంగులు వేయడమంటే సరిగ్గా అటువంటి పనే. అందుకే ఆటల యంత్రానికి పెట్టే ప్రతి రూపాయిలో నలభై పైసల వరకూ ఈ కార్డుకే పోయినా తప్పులేదంటాను. అయితే ఒక్క జాగ్రత్త. కార్డు మీది మెమొరీని తరువాత పెంచుకోలేం. ఆటలోని గోడలు, చెట్లు, మనుషుల తాలూకు రంగుల బొమ్మలన్నీ అందులోనే ఇమడాలి. ఇమడకపోతే అసలు ర్యామ్ నుంచి తెచ్చుకోవాలి. ఆ దారి అనేక రెట్లు నెమ్మది. అప్పుడు ఆట సాఫీగా సాగక కుంటుతుంది. 1080పి తెరకు 8 జి.బి.తో సరిపెట్టుకోవచ్చు. 1440పి మీద ఆశ ఉంటే 12 గాని 16 గాని చూసుకోవడం మేలు.

ఇక ప్రోసెసరు. శత్రువు ఎటు నడిచాడు, తూటా ఎవరికి తగిలింది, గోడ కూలిందా లేదా, ఇవన్నీ తేల్చి చెబితే తప్ప కార్డు బొమ్మ మొదలుపెట్టలేదు. జోడెడ్ల బండి లాంటిదే ఇదీ. ఒంగోలు గిత్త పక్కన బక్కెద్దును కడితే బండి నడిచేది బక్కెద్దు నడకే. అలాగని పదహారు కోర్ల ప్రోసెసరు కోసం పరుగెత్తనక్కరలేదు. ఆటలకు ఆరు లేక ఎనిమిది మంచి కోర్లు చాలు. గడియారపు వేగం అంకె చూసి మోసపోనూ వద్దు. 2022లో ఎ.ఎం.డి. వారు రైజెన్ 7 5800ఎక్స్3డి అనే ప్రోసెసరు తెచ్చారు. అంతకుముందున్న 5800ఎక్స్ కంటే దీని గడియారపు వేగం తక్కువ. కాని లోపలి ఎల్3 క్యాష్ 32 ఎం.బి. నుంచి 96 ఎం.బి.కి పెరిగింది. ఆటలలో అన్నను తమ్ముడు దాటిపోయాడు. కావలసిన సమాచారం చేతికందేంత దగ్గరలో ఉండడమే అందుకు కారణం.

మదర్ బోర్డు కొనేటప్పుడు పెళ్ళి సంబంధంలా ఇరుపక్షాలూ కలుస్తున్నాయో లేదో చూడాలి. ఎ.ఎం.డి. వారి ఎ.ఎం.5 సాకెట్టు 2022లో వచ్చింది. అందులో డి.డి.ఆర్.5 మెమొరీ తప్ప డి.డి.ఆర్.4 పట్టదు. ఇంటెల్ వారి 1700 సాకెట్టు బోర్డుల్లో కొన్ని దీనికి, కొన్ని దానికి. బోర్డు మీద ఏది రాసివుంటే అదే కొనాలి. మెమొరీ 16 జి.బి. కావాలంటే ఒకే 16 కంటే రెండు 8లు నయం. రెండు దారుల్లో సమాచారం వస్తుంది. కూర్చిన తరువాత బయాస్‌లోకి వెళ్ళి ఎక్స్.ఎం.పి. గాని ఎక్స్‌పో గాని వేయాలి. లేకపోతే మనం డబ్బిచ్చి కొన్న వేగం పెట్టెలోనే నిద్రపోతుంది. 2025 చివరి నెలల్లో కృత్రిమ మేధ కేంద్రాల గిరాకీ వల్ల మెమొరీ ధరలు ఒక్కసారిగా పెరిగాయి. కాబట్టి పాత వీడియోల్లో చెప్పిన ధరలు నమ్మి బయలుదేరవద్దు.

ఎస్.ఎస్.డి. విషయం క్లుప్తంగా చెబుతాను. సాటా రకం సెకనుకు సుమారు 550 ఎం.బి., ఎన్.వి.ఎం.ఇ.లో మూడో తరం 3500, నాలుగో తరం 7000 దాకా చదువుతాయి. దీనివల్ల ఆట త్వరగా తెరుచుకుంటుంది గాని, సెకనుకు వచ్చే బొమ్మలు పెరగవు. మూడో తరానికీ నాలుగో తరానికీ తేడా ఆటలో కంటికి ఆనేది స్వల్పం.

ఇప్పుడు అందరూ చిన్నచూపు చూసే పవర్ సప్లయి. ఏనుగును కొని అంకుశం దగ్గర పేచీ పెట్టినట్టు, అంతా కొన్నాక ఇక్కడ వెయ్యి రూపాయలు మిగిల్చాలనుకుంటారు. అది చెడిపోయేటప్పుడు ఒక్కోసారి తన పక్కవాటిని కూడా తీసుకుపోతుంది. పెట్టె మీది 80 ప్లస్ ముద్ర పొదుపు సంగతి చెబుతుందే గాని భద్రతకు హామీ కాదు. లోపలి భాగాలు 450 వాట్లు వాడుతుంటే, 90 శాతం సామర్థ్యమున్న సప్లయి గోడ నుంచి 500 వాట్లు లాగుతుంది. 600 వి.ఎ. యు.పి.ఎస్. చాలావాటి మీద 360 వాట్లని ఉంటుంది. ఆ రెంటినీ కలిపితే, కరెంటు పోయిన క్షణంలో ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

మన ఎండల సంగతి కూడా మరువరాదు. గాలితో చల్లబరిచే కూలరు గది వేడికంటే తక్కువకు దించలేదు. 25 డిగ్రీల గదిలో 75 చూపిన ప్రోసెసరు, మే నెలలో 40 డిగ్రీల గదిలో 90కి చేరుతుంది. మరికాస్త పెరిగితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. కనుక ముందు అద్దం, లోపల రంగుల దీపాలు ఉన్న పెట్టె కంటే, ముందు జాలీ ఉండి గాలి ఆడే పెట్టె మనకు తగినది. పేరు గొప్ప ఊరు దిబ్బ కాకూడదు.

కొనడానికి సికిందరాబాదు సి.టి.సి.కి వెళ్ళినా, మరెక్కడ కొన్నా, 18 శాతం జి.ఎస్.టి. బిల్లు, దాని మీద భాగాల సీరియల్ నంబర్లు తీసుకోండి. బిల్లు లేకుండా మిగిల్చుకున్న డబ్బు వారంటీ అడిగే రోజున గుర్తొస్తుంది. పాత కార్డు చవకగా వస్తోందంటే దాని పూర్వ చరిత్ర అడగండి. 2022 సెప్టెంబరులో ఎథీరియం పద్ధతి మారేవరకూ ఎన్నో కార్డులు నాణేల తవ్వకంలో రాత్రింబవళ్ళు మండిపోయాయి.

చివరగా పెద్దలకు ఒక మాట. 2012లో టొరాంటో విశ్వవిద్యాలయంలో అలెక్స్ క్రిజెవ్‌స్కీ, ఇల్యా సుట్స్‌కెవర్ అనే ఇద్దరు విద్యార్థులు, వారి గురువు జెఫ్రీ హింటన్ కలిసి, బొమ్మలను గుర్తుపట్టే అలెక్స్‌నెట్‌ను తయారుచేశారు. దానికి శిక్షణ నడిచింది రెండు జి.టి.ఎక్స్. 580 కార్డుల మీద, ఒక్కొక్కదానికి 3 జి.బి. మెమొరీ. అవి ఆటల కార్డులే! నేటి కృత్రిమ మేధ వెల్లువకు అది ఒక ముఖ్యమైన మలుపు. హింటన్ గారికి 2024లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. ఆటల యంత్రం కొన్న ప్రతివాడూ హింటన్ శిష్యుడవుతాడని నేననను. కాని పగలు ప్రాజెక్టు పనికి, రాత్రి ఒక గంట ఆటకు అదే యంత్రం పనికొస్తుందని మాత్రం ధైర్యంగా చెప్పొచ్చు.

కనుక మిత్రులారా, బజారుకు బయలుదేరే ముందు ఒక తెల్లకాగితం తీసుకోండి. పైన తెర, దాని కింద కార్డు, ఆ కింద మిగిలినవి రాయండి. ప్రతిదాని పక్కనా అది ఎందుకో ఒక్క వాక్యం రాయండి. రాయడానికి కారణం దొరకని వస్తువును కొట్టేయండి. అలా మిగిలిన సొమ్ము ఎవరిదో వారి చేతికే తిరిగి ఇవ్వండి.