పొటాసియం అంత తక్కువ వేడికి ఏల కరుగుతుంది?

రాగి పాత్రలకు కళాయి పూయడం చూచినవారు ఒక చిన్న విచిత్రాన్ని గమనించి ఉంటారు. నిప్పుల మీద పాత్రను కాల్చి, నవసాగరం పొడి చల్లి, తగరపు ముక్కను రాచి దూదితో తుడవగానే తగరం కరిగి లోపలంతా పరచుకొంటుంది. పాత్ర మాత్రం చెక్కుచెదరదు. తగరం 232 సెంటీగ్రేడు డిగ్రీల వద్దనే కరుగుతుంది. రాగి కరగడానికి 1085 డిగ్రీలు కావలెను. ఈ వ్యత్యాసమే ఆ వృత్తికి ఆధారం. ఘనపదార్థం ద్రవంగా మారే ఈ ఉష్ణోగ్రతనే ద్రవీభవన స్థానమంటారు.

పొటాసియం ముందు తగరం కూడా మొండిదే అనవలెను. పొటాసియం ద్రవీభవన స్థానం 63.5 డిగ్రీలు మాత్రమే. బట్టల పెట్టెలో వేసే నాఫ్తలీను ఉండ సైతం 80 డిగ్రీల వరకు గట్టిగా నిలుస్తుంది! 1807లో లండనులో సర్ హంఫ్రీ డేవీ కరిగించిన పొటాషులోనికి విద్యుత్తును పంపి ఈ లోహాన్ని మొదటిసారి వేరుచేసినప్పుడు, అది పాదరసపు బిందువులవలె మెరుస్తూ బయటికి వచ్చినది.

కారణం పరమాణువుల మధ్య బంధంలో ఉన్నది. లోహంలోని పరమాణువులు తమ బాహ్య ఎలక్ట్రాన్లను ఉమ్మడి సొత్తుగా విడిచిపెడతాయి. ఆ ఎలక్ట్రాన్లే ధనావేశంగల అయాన్లను ఒకచోట పట్టి ఉంచుతాయి. పొటాసియం పరమాణువు ఇవ్వగలిగినది ఒకే ఒక్క ఎలక్ట్రాను. పైగా ఆ పరమాణువు పెద్దది కనుక ఆ పట్టు మరింత సడలి ఉంటుంది. క్షారలోహాలను వరుసగా చూస్తే ఈ సంగతి తేటపడుతుంది: లిథియం 180.5, సోడియం 97.8, పొటాసియం 63.5, రుబీడియం 39.3, సీజియం 28.5. పరిమాణం పెరిగినకొద్దీ అంకె తగ్గుతున్నది. మన వేసవి మధ్యాహ్నాలలో మూసిన గాజుగొట్టంలోని సీజియం తనంత తానే కరిగిపోతుంది. అధిక సంఖ్యలో ఎలక్ట్రాన్లు బంధంలో పాల్గొనే టంగ్‌స్టన్‌కు 3422 డిగ్రీలు కావలెను. సున్నకు దిగువన 38.8 డిగ్రీల వద్దగాని గడ్డకట్టని పాదరసం గుట్టు వేరు. దానిని ఈ లెక్కలో చేర్చరాదు.

ఇదే పొటాసియం క్లోరిన్‌తో కలిస్తే కథ తలక్రిందులవుతుంది. రైతులు పొలంలో చల్లే పొటాషు ఎరువులోని పొటాసియం క్లోరైడు 770 డిగ్రీలకుగాని కరగదు. మన వంటింటి ఉప్పుకు 801 డిగ్రీలు. ఇక్కడ ప్రతి ధన అయాను చుట్టూ ఆరు ఋణ అయాన్లు, ప్రతి ఋణ అయాను చుట్టూ ఆరు ధన అయాన్లు బిగించి ఉంటాయి. క్లోరిన్ వాయువు, పొటాసియం మెత్తని లోహం. అయినా వాటి సంయోగ పదార్థం ఈ రెంటిలో దేనినీ పోలి ఉండదు. మూలకాల అంకెలను కూడి సగటు తీసి సంయోగ పదార్థపు ద్రవీభవన స్థానం చెప్పబూనే విద్యార్థులు గుర్తించని విషయమిదే.

ప్రయోగశాలలో పొటాసియం ముక్కను నీటిలో వేసినప్పుడు అది గుండ్రని బిందువై పరుగులు తీయడానికి కూడా ఈ 63.5 డిగ్రీలే కారణం. చర్యలో పుట్టిన వేడికే లోహం కరుగుతుంది. వెలువడిన హైడ్రోజను అంటుకొని ఊదారంగు మంట లేస్తుంది. అందుచేతనే పొటాసియాన్ని కిరోసిన్‌లో దాచుతారు. అయితే కిరోసిన్‌లో ఉన్నది గదా అని నిశ్చింతగా ఉండరాదు. ఏళ్ల తరబడి నిలువయున్న ముక్కపై పసుపురంగు పొర ఏర్పడితే అది సూపర్ ఆక్సైడు. దానిని కత్తితో కోస్తే ప్రేలవచ్చును. అటువంటి సీసా కనబడినప్పుడు మూత తీయక, కదిలించక, వెంటనే అధ్యాపకులకు తెలుపవలెను.